పూర్తి డబ్బు కట్టేయమంటున్నారు, బండి మాత్రం ఇంకా కంటికి కనపడలేదు. కట్టాలా వద్దా?

మున్నేరు (ఖమ్మం):

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగు పోస్టు, ఓపిగ్గా చదివి సలహా చెప్పండి.

2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ తగ్గింది కదా, ఆ నవరాత్రుల్లోనే మేము ఒక చిన్న ఎస్‌యూవీ బుక్ చేశాం. సీఎన్‌జీ, మధ్య వేరియంట్, తెలుపు రంగు. దీపావళికి బండి మీ ఇంటి ముందు ఉంటుందన్నారు. దీపావళి అయిపోయింది, కార్తీకమాసం అన్నారు. అదీ అయిపోయింది. ఇప్పుడు సంక్రాంతి అంటున్నారు. ఫోన్ చేస్తే ఎత్తరు, ఎత్తినా "ట్రాన్సిట్‌లో ఉంది సార్" అనే ఒక్క మాట తప్ప ఎక్కడి నుంచి బయల్దేరింది, ఎప్పుడు చేరుతుంది అంటే జవాబు లేదు. మాకు బుకింగ్ చేసిన ఎగ్జిక్యూటివ్ ఉద్యోగం మానేశాడట, కొత్తగా వచ్చినాయన మా పేరు మళ్లీ మొదటి నుంచి అడిగాడు.

ఆలస్యమైందని కోపం కాదండీ. దేశమంతా ఒకేసారి కొంటుంటే ఆలస్యం అవుతుందని నాకూ తెలుసు. మాకు ఫలానా నెల దాకా రాదని మొదటే చెప్పి ఉంటే మా ఏర్పాట్లు మేము చేసుకునేవాళ్లం. నాన్నకి మోకాలి ఆపరేషన్ అయింది, బస్సు మెట్లు ఎక్కలేరు, హైదరాబాద్‌లో చెకప్ ఉన్న ప్రతిసారీ కిరాయి కారు మాట్లాడుకుంటున్నాం. పోనీ పాత ఆల్టో ఉందా అంటే, ఎక్స్ఛేంజ్ బోనస్ ఆ నెలలోనే ఇస్తామని చెప్పి దాన్ని ముందే తీసేసుకున్నారు.

అసలు ప్రశ్న ఇది. నిన్న మేనేజర్ ఫోన్ చేసి, డిసెంబర్ 31 లోపు పూర్తి డబ్బు కట్టేసి బిల్లింగ్ చేయించుకోండి, జనవరిలో ధర పెరుగుతుంది, బండి రాగానే ఇచ్చేస్తాం అన్నాడు. బ్యాంకు లోన్ సాంక్షన్ అయ్యి ఉంది, నేను ఊఁ అంటే డబ్బు వాళ్ల ఖాతాలో పడిపోతుంది. పెరిగే ధర భరించడం మాకు కష్టమే. కానీ చూడని బండికి అంత డబ్బు కట్టాలంటే మనసు ఒప్పుకోవడం లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పాతస్టాక్‌యార్డు (విజయవాడ):

కట్టొద్దు. ముందు ఆ మాట చెప్పి తర్వాత వివరంగా రాస్తాను. నేను చాలా ఏళ్లు ఒక షోరూంలో బిల్లింగ్, స్టాక్ చూశాను.

మేనేజర్‌ని ఒకే ఒక్కటి అడగండి, చాసిస్ నంబర్ ఏది అని. చాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్ లేకుండా ట్యాక్స్ ఇన్వాయిస్ వేయడం కుదరదు, ఇన్సూరెన్స్ పాలసీ రాదు, టీఆర్ (తాత్కాలిక రిజిస్ట్రేషన్) అసలే రాదు. నంబర్ ఇచ్చాడంటే బండి తయారైపోయిందని అర్థం, అప్పుడు అది ఏ యార్డులో ఉందో అడిగి వెళ్లి కళ్లతో చూడొచ్చు. నంబర్ లేదన్నాడంటే మీకు ఇంకా ఏ బండీ కేటాయించలేదు. అప్పుడు మీరు కట్టేది అడ్వాన్సే, దానికి బిల్లింగ్ అని పేరు పెట్టాడు అంతే. నెలాఖరు, ఏడాది చివర టార్గెట్ల కోసం చాలాచోట్ల ఇలా అడుగుతారు.

ఇంకో సంగతి. డిసెంబర్‌లో ఇన్వాయిస్ పడే బండి 2025లో తయారైనదే అవుతుంది కదా. చాసిస్ నంబర్లో తయారైన నెల, ఏడాది కోడ్ రూపంలో ఉంటాయి, షోరూం ఇచ్చే ఫారం 21 (సేల్ సర్టిఫికెట్)లో కూడా నెల, ఏడాది రాస్తారు, ఆర్సీలోకీ అదే వెళ్తుంది. రేపు అమ్మేటప్పుడు కొనేవాడు చూసేది ఆ ఏడాదే. అందుకే ఏటా జనవరిలో కిందటి ఏడాది స్టాకు మీద డిస్కౌంట్ ఇచ్చి అమ్ముతారు. ధర పెరుగుతుందని మిమ్మల్ని తొందరపెట్టేవాడు ఈ మాట చెప్పడు.

ఆలస్యం ఎందుకో కూడా రాస్తాను, ఎందుకంటే మీరు చెప్పిన ట్రాన్సిట్ మాటలో కొంత నిజం ఉండే అవకాశం ఉంది. ఆగస్టు 15న జీఎస్టీ తగ్గుతుందని ప్రకటన రాగానే జనం కొనడం ఆపేశారు. సెప్టెంబర్ 3న జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయం చెప్పింది. నాలుగు మీటర్ల లోపు, 1200 సీసీ లోపు పెట్రోల్, సీఎన్‌జీ బండ్లకి సెస్సుతో కలిపి 29 శాతం ఉన్నది 18కి దిగింది. ఆగినవాళ్లంతా 22న ఒక్కసారిగా వచ్చారు. ఆ ఒక్కరోజే దాదాపు 30,000 కార్లు డెలివరీ ఇచ్చామని మారుతి చెప్పింది. ఫ్యాక్టరీల నుంచి బండ్లు మోసే ట్రైలర్లు అన్ని కంపెనీలకీ ఒకేసారి కావాల్సి వచ్చి దొరకలేదు. అది సెప్టెంబర్, అక్టోబర్ సంగతి. డిసెంబర్ చివర్లో కూడా అదే కారణం చెబుతుంటే మాత్రం నేను నమ్మను. పూణే నుంచో చెన్నై నుంచో ట్రైలర్ రావడానికి నెలలు పట్టవు.

డీలర్ కంపెనీకి పెట్టే ఇండెంట్ (ఇన్ని బండ్లు కావాలనే ఆర్డరు) వేరియంట్ వారీగా, రంగు వారీగా ఉంటుంది. కంపెనీ పంపేది మాత్రం దాని ఉత్పత్తిని బట్టి. మీ వేరియంట్ నెలకి రెండు మూడు వస్తే వాటిని ఎవరికివ్వాలో షోరూంలోనే తేలుస్తారు. వరుస ప్రకారం ఇచ్చేవాళ్లు ఉన్నారు. ఇన్సూరెన్స్, యాక్సెసరీలు, లోన్ అన్నీ తమ దగ్గరే తీసుకునేవాళ్లకి ముందు ఇచ్చేవాళ్లూ ఉన్నారు, ఇది నేను కళ్లారా చూశాను. ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గరే తీసుకోవాలన్న నిబంధన ఏదీ లేదు, బయట తీసుకునే హక్కు మీది. మీ లోన్ బయటి బ్యాంకుదేనా?

పద్దులపుస్తకం (హైదరాబాద్):

నేను బ్యాంకులో పని చేస్తున్నాను, లోన్ సంగతి వరకు చెబుతాను. సాంక్షన్ అయితే వడ్డీ మొదలవ్వదు. డిస్బర్స్ అయి డబ్బు డీలర్ ఖాతాలో పడిన రోజు నుంచి మొదలవుతుంది, బండి మీ చేతికి వచ్చిందా లేదా అన్నది బ్యాంకుకి అనవసరం. బండి లేకుండా ఈఎంఐ కడుతున్నవాళ్లు మా బ్రాంచికి వచ్చి గొడవ పెట్టుకోవడం చూస్తూనే ఉన్నాను, మేము చేయగలిగింది ఏమీ ఉండదు, డబ్బు అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది.

మీ బ్రాంచికి ఈరోజే ఒక మెయిల్ పెట్టండి, చాసిస్ నంబర్‌తో ఉన్న ఇన్వాయిస్ చూశాక, నేను మళ్లీ రాసి ఇచ్చాకే డిస్బర్స్ చేయండి అని. సాంక్షన్ లెటర్‌కి గడువు ఉంటుంది, అదీ ఒకసారి చూసుకోండి. గడువు దాటితే మళ్లీ ఆ రోజు రేటుకి సాంక్షన్ చేస్తారు, అంతకు మించి నష్టం లేదు.

లోన్ పోను మీరు సొంతంగా కట్టాల్సిన మార్జిన్ డబ్బు కూడా బండి చూసే దాకా మీ ఖాతాలోనే ఉండనివ్వండి.

కంకిపాడు_కుర్రోడు:

అన్నా, మీ బాధ చదువుతుంటే నాది నాకు గుర్తొచ్చింది. నేను 2021 చివర్లో బుక్ చేసి ఏడాది పైన ఎదురుచూశాను (కంపెనీ పేరు వద్దులే). అప్పుడు చిప్‌ల కొరత, ప్రపంచమంతా అదే పరిస్థితి. మహీంద్రా ఎక్స్‌యూవీ 700కి 2021 అక్టోబర్ 7న బుకింగ్ తెరిస్తే గంట లోపే 25,000 అయిపోయాయి, మరుసటి ఏడాది వాళ్లదే స్కార్పియో ఎన్‌కి అరగంటలో లక్ష. అంతమంది ఒకేసారి డబ్బు కట్టి వరుసలో నిలబడితే వెనకాల ఉన్నవాడి గతేంటో ఎవరూ చెప్పలేదు.

నా అనుభవంలో తేలిందేంటంటే, బుకింగ్ ఫారం వెనక చిన్న అక్షరాల్లో "డెలివరీ రోజు ఉన్న ధరే వర్తిస్తుంది" అని ఉంటుంది. ఇది దాదాపు అందరి ఫారంలోనూ ఉంటుంది. కాబట్టి మేనేజర్ నోటిమాటగా పాత ధరకే ఇస్తామన్నా దానికి విలువ లేదు. మెయిల్లో రాసి ఇమ్మనండి, ధర ఇంత, పెరిగినా తేడా మేమే భరిస్తాం, ఫలానా తేదీ దాటితే మొత్తం వెనక్కిస్తాం అని. రాయనన్నాడా, మీకు జవాబు దొరికినట్టే.

నేను చివరికి ఏం చేశానంటే, పక్క ఊరి డీలర్ల దగ్గర అడిగాను. అదే కంపెనీ, అదే వేరియంట్, ఒక ఊళ్లో ఏడాది వెయిటింగ్, ఇంకో ఊళ్లో బండి షెడ్డులో రెడీగా ఉంది, ఎవరో క్యాన్సిల్ చేసుకున్నారట. మీరు కొత్తగూడెం, సూర్యాపేట, వరంగల్ అన్నీ ఫోన్లు చేయండి. పక్క జిల్లాలో కొన్నా రిజిస్ట్రేషన్ మీ ఊరి అడ్రస్ మీదే అవుతుంది.

పైగా ఇప్పుడు ధనుర్మాసం. చాలామంది బండి అలాట్ అయినా సంక్రాంతి దాటాకే తీసుకుంటామని వాయిదా వేస్తారు. మీ ఇంట్లో పట్టింపు లేకపోతే అలాంటివి మీకు దొరికే అవకాశం ఎక్కువ, ఆషాఢంలో కూడా ఇంతే.

ధర్మవరం_దారి:

నేను ఒప్పుకోను, ఇన్ని జాగ్రత్తలు మనమే ఎందుకు పడాలి? డబ్బు కట్టేది మనం, వాళ్ల చుట్టూ తిరిగేదీ మనమేనా? క్యాన్సిల్ చేసేయండి. స్టాకులో ఉన్న ఇంకో కంపెనీ బండి కొనుక్కోండి. ఎక్కడైనా రిఫండ్ ఆపితే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో కూడా మాట్లాడతారు. దానికీ లొంగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్, ఇప్పుడు ఈ-జాగృతి పోర్టల్లో ఇంట్లోంచే ఫిర్యాదు వేయొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు, లాయర్ తప్పనిసరి కాదు. ఒకరు వేస్తే పదిమందికి ధైర్యం వస్తుంది.

పాతస్టాక్‌యార్డు:

ధర్మవరం గారూ, మీ కోపం న్యాయమే. కానీ క్యాన్సిల్ లెటర్ ఇచ్చే ముందు మున్నేరు గారు ఆల్టో సంగతి తేల్చుకోవాలి. అది చదివాక నాకు అసలు భయం అక్కడే మొదలైంది. ఆల్టో ఇచ్చేటప్పుడు ఏ కాగితాలు తీసుకున్నారండీ? ఆర్సీ ఇంకా మీ నాన్నగారి పేరు మీదే ఉందా?

మున్నేరు:

అందరికీ చాలా థ్యాంక్స్. అవునండీ, ఆర్సీ నాన్న పేరు మీదే ఉంది. ఆర్సీలో పేరు మార్చడానికి వాడే ఫారం 29, 30 మీద ఖాళీగా సంతకాలు పెట్టించుకున్నారు, డెలివరీ నోట్ అని ఒక చీటీ ఇచ్చారు. బండి ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో తెలియదు. లోన్ బయటి బ్యాంకుదే, ఇన్సూరెన్స్ కూడా బయటే తీసుకుంటామని మొదట్లోనే చెప్పాం. మమ్మల్ని వెనక్కి నెట్టింది అందుకేనేమో అని ఇప్పుడు అనిపిస్తోంది.

పాతస్టాక్‌యార్డు:

ఈ పని రేపే చేయండి, కొత్త బండి సంగతి తర్వాత. ఆర్సీలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్లే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. బండి చేతులు మారి నలుగురి దగ్గర తిరిగినా, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత ఆర్సీలో పేరున్నవాళ్ల మీద పడింది ఆ కేసులో. మీ నాన్నగారి పేరు మీద బండి ఎవరో నడుపుతున్నారంటే చలాన్ల నుంచి అన్నీ ఆయనకే వస్తాయి.

2023 ఏప్రిల్ నుంచి పాత బండ్ల డీలర్లకి కొత్త నిబంధనలు ఉన్నాయి. వాళ్లకి ఆర్టీఏ ఆథరైజేషన్ ఉండాలి, బండి వాళ్లకి అప్పగించినట్టు ఫారం 29సీ ఆన్‌లైన్లో పెట్టాలి, అది పెట్టాక బండికి బాధ్యత ఆ డీలర్‌ది. మీకు అది ఇచ్చారా అడగండి. లేకపోతే పెట్టమనండి, పెట్టనంటే ఆల్టో వెనక్కి ఇమ్మనండి. ఆ చీటీ మీద తేదీ, సమయం, మీటర్ రీడింగ్ ఉన్నాయో చూసి ఫోటో తీసి పెట్టుకోండి. మీ నాన్నగారి ఆల్టో నంబర్ మీద చలాన్లు ఏమన్నా పడ్డాయేమో ఈరోజే వెబ్‌సైట్లో చూడండి, పడితే బండి రోడ్డు మీద తిరుగుతోందని తెలిసిపోతుంది.

మున్నేరు:

నిన్న నేను, మా బావ కలిసి వెళ్లాం. అప్‌డేట్ రాస్తున్నాను.

చాసిస్ నంబర్ అడిగితే మేనేజర్ మొదట సిస్టంలో ఉంది, తర్వాత పంపిస్తా అన్నాడు. ఇప్పుడే చూపించండి అని కూర్చున్నాం. చివరికి మా బుకింగ్‌కి ఏ బండీ కేటాయించలేదని ఒప్పుకున్నాడు. ఇన్నాళ్లూ ట్రాన్సిట్‌లో ఉందన్నది ఏ బండి గురించో మరి. ఇంట్లో నాన్న ప్రతి ఫోనుకీ "వచ్చేసిందా" అని అడుగుతుంటే, వాళ్లు చెప్పిన మాటే నేను నాన్నకి చెప్పుకుంటూ వచ్చాను. అది తల్చుకుంటేనే చాలా కోపం వచ్చింది. ధర గురించి మెయిల్ ఇమ్మంటే ఇవ్వలేదు. డబ్బు కట్టేది లేదని చెప్పేశాం, బ్యాంకుకి మెయిల్ పెట్టాను.

ఆల్టో ఇంకా వాళ్ల యార్డులోనే ఉంది, అమ్మలేదు. దాన్ని వెనక్కి తెచ్చేసుకున్నాం, సంతకాలు పెట్టిన ఫారాలు కూడా తీసుకుని చించేశాం. బుకింగ్ క్యాన్సిల్‌కి లెటర్ ఇచ్చి రిసీవ్డ్ స్టాంప్ వేయించుకున్నాం, రిఫండ్ వారం పది రోజుల్లో వేస్తామన్నారు, రాకపోతే 1915కి చేస్తాను.

తమ్ముడూ కంకిపాడు, నువ్వు చెప్పినట్టే చుట్టుపక్కల ఊళ్లకి ఫోన్ చేస్తే వరంగల్లో ఇదే వేరియంట్, బూడిద రంగుది ఉందన్నారు. ఎవరో సంక్రాంతి తర్వాత తీసుకుంటామని వదిలేసిందట. చాసిస్ నంబర్ అడగగానే వాట్సాప్‌లో పంపారు, నవంబర్ తయారీ. రంగు గురించి ఇంట్లో ఎవరికీ పట్టింపు లేదు. సోమవారం వెళ్లి చూస్తాం. చూసేటప్పుడు ఏమేం గమనించాలి?

పాతస్టాక్‌యార్డు:

పగలు వెళ్లండి, బండి కడిగి ఆరాక చూడండి. చాసిస్ నంబర్ వాట్సాప్‌లో పంపినదీ బండి మీద కొట్టి ఉన్నదీ ఒకటేనా చూడండి. టైర్ల మీద నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండు వారం, చివరి రెండు ఏడాది, స్టెప్నీతో సహా అయిదూ దగ్గరదగ్గరగా ఉండాలి. సీఎన్‌జీ సిలిండర్ వివరాల ప్లేట్ మీద తేదీ ఫోటో తీసుకోండి, మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో సిలిండర్ గట్టిగా ఉందో లేదో చూసే పరీక్ష) చేయించాలి, లెక్క అక్కడి నుంచే. నవంబర్ తయారీ కాబట్టి, మీరు జనవరిలో బిల్లు వేయించుకునేట్టయితే డిస్కౌంట్ అడగకుండా మాత్రం సంతకం పెట్టకండి.