ఆదేశమా, ఆగమమా? ‘నేఁ బలికిన’లో అరసున్న, నలుగురి టెర్మినల్‌కు ఒక మాట

వెన్నెలగడప:
వ్యాకరణ పాఠాల్లో వచ్చే ఒక సంస్కృత వాక్యం సగమే నోట్లో ఆడుతోంది. ‘...మిత్రవదాగమః’. ముందు ముక్క ఏమిటి? అడగడానికి కారణం ఉంది. ఒకే టెర్మినల్‌ను నలుగురూ బ్రౌజర్‌లో చూస్తూ వాడే పద్ధతి మీద తెలుగులో వాడుక పత్రం తయారవుతోంది. టెర్మినల్‌ను బ్రౌజర్‌లో చూపే టీటీవైడీ, ఒకే సెషన్‌లోకి పలువురిని చేర్చే టీమక్స్, రెండూ కలిపి. ‘కమాండ్ లైన్’ను ‘ఆదేశ పంక్తి’ అన్నాం. ‘షేర్డ్ టెర్మినల్’ దగ్గర బండి ఆగింది. ‘పంచుకున్న తెర’ అని కొందరు, ‘ఉమ్మడి కొస’ అని కొందరు. పక్కన చేరే మిత్రుడి ఊసు ఉన్న ఆ వాక్యంలో ఏదైనా దారి దొరుకుతుందేమో అనిపించింది.

ఇంకొకటి. తెలుగు ఎలా కనబడుతుందో చూడటానికి పోతన ‘పలికెడిది భాగవతమఁట’ కందాన్ని ఆ తెర మీద వేస్తే, రెండో పాదం చివర ‘నే’ అని ఉంది, మూడోది ‘బలికిన’తో మొదలైంది. అది ‘నేఁ’ కావాలి కదా? అరసున్న అసలు ప్రతిలోనే లేదా, తెర మింగిందా?

ద్రుతసంధి:
‘శత్రువదాదేశః, మిత్రవదాగమః’. ఆదేశం ఉన్న అక్షరాన్ని గెంటి దాని చోట్లో కూర్చుంటుంది, కనుక శత్రువు. ఆగమం ఉన్నవాళ్లను కదపకుండా పక్కన చేరుతుంది, మా అమ్మ ‘మాయమ్మ’ అయినప్పుడు యకారం చేరినట్టు. ఈ లెక్కన ‘ఆదేశ పంక్తి’ అంటే వ్యాకరణం చదివిన చెవికి ‘గెంటివేతల వరస’ అని వినబడుతుంది. కమాండ్‌కు ‘ఆజ్ఞ’ చాలు.

నేఁ విషయంలో సందేహం అక్కర్లేదు. ‘నేను’ ద్రుతాంతం, అంటే చివర నకారం (ద్రుతం) ఉన్న మాట. ‘ద్రుతప్రకృతికముమీఁది పరుషములకు సరళములగు’. అంటే ద్రుతం తర్వాతి క, చ, ట, త, పలు గ, జ, డ, ద, బలు అవుతాయి. పలికిన కాస్తా బలికిన అయింది. ఆ ద్రుతం తన గుర్తుగా మిగిల్చినదే అరసున్న. బకారం ఉంచి అరసున్న తీసేస్తే, బకారం ఎందుకు వచ్చిందో చెప్పే సాక్షి పోతుంది.

తీగమల్లె:
‘ఆదేశం’ అనే మాటను అంత తేలిగ్గా వదలకండి. షెల్‌లో, అంటే ఆజ్ఞల్ని చదివి నడిపే ప్రోగ్రాములో, డాలరు గుర్తు వేసి, కుండలీకరణాల మధ్య ఒక ఆజ్ఞ రాస్తే ఏమవుతుంది? ముందు లోపలి ఆజ్ఞ నడుస్తుంది. తర్వాత ఆ రాత మొత్తం తొలగి, దాని ఫలితం అదే చోట్లో కూర్చుంటుంది. వ్యాకరణంలోని ఆదేశానికి ఇంతకన్నా చక్కని ఉదాహరణ కంప్యూటర్‌లో లేదు. కమాండ్ ‘ఆజ్ఞ’, సబ్‌స్టిట్యూషన్ ‘ఆదేశం’. రెండు మాటలూ బతుకుతాయి.

ఇక మిత్రవత్తు, శత్రువత్తు టీమక్స్‌లోనే ఉన్నాయి. మామూలుగా ‘అటాచ్’ అంటే ముందున్నవాళ్ల పక్కన చేరతారు. అది ఆగమం. ‘అటాచ్ మైనస్ డీ’ అంటే ఆ సెషన్‌లో ఉన్న మిగతా అందరినీ ఊడగొట్టి లోపలికి వస్తారు. అది ఆదేశం. పాత చిట్కాలు చూసి అలవాటుగా ‘మైనస్ డీ’ కొట్టేవాళ్ల వల్లే అవతలివాళ్ల తెరలు ఉన్నట్టుండి మూతపడతాయి. మీ పత్రంలో ఈ ఒక్క వాక్యం తప్పకుండా రాయండి.

కందపుదుంప:
అరసున్న ఛందస్సుకే అవసరం. కందంలో రెండో పాదం చివర గురువు ఉండి తీరాలి. ‘నేఁ’ వల్లే ఆ గురువు.

ద్రుతసంధి:
కాదండీ. ‘నే’ దీర్ఘం, దానంతట అదే గురువు. నిండు సున్న హ్రస్వాన్ని గురువు చేస్తుంది, అరసున్న చేయదు. ‘డఁటనేఁ’ అన్న చివరి గణంలో ‘డఁ’ లఘువుగానే నిలిచింది చూడండి. అక్కడ నిండు సున్న వేస్తే గణమే చెడుతుంది. అన్నట్టు ‘నేం బలికిన’ అని కూడా కుదరదు. దీర్ఘం మీద సాధ్యపూర్ణం, అంటే సంధి వల్ల వచ్చే నిండు సున్న, లేదు.

కందపుదుంప:
గురువు మాట సరే, ఒప్పుకుంటాను. కానీ బకారాన్ని ఛందస్సు నిలబెడుతుందా? ప్రాస రెండో అక్షరం ‘లి’ మీద ఉంది, కాబట్టి మొదటి అక్షరం పకారమైనా బకారమైనా ప్రాసకు పట్టదు. నాలుగో పాదంలో ‘పలికెద’కు యతి ‘గాథఁ బలుకఁగ’లోని బకారం. ప, బ ఒకే వర్గం గనుక ‘పలుకఁగ’ అన్నా యతి చెల్లుతుంది. అంటే ఈ పద్యంలో రెండు చోట్లా సరళం వచ్చింది వ్యాకరణం వల్లే, యతిప్రాసల బలవంతం లేదు. పైగా నేఁ ఒక పాదం చివర, బలికిన ఇంకో పాదం మొదట. పాదం విరిగిన చోట కూడా ద్రుతకార్యం జరిగింది. ఆ పాదాల నడుమ ఊపిరి తీసి చదివేవాళ్లు ఇది గమనించాలి.

గోడగడియారం:
మళ్లీ తెర దగ్గరకు వద్దాం. అరసున్న పోవడానికి లొకేల్, అంటే యంత్రంలోని భాష, అక్షర సంకేతాల అమరిక, కారణం కావచ్చు. టీటీవైడీని సిస్టమ్‌డీ (లినక్స్‌లో సేవల్ని నడిపేది) సర్వీసుగా పెడితే, ఆ అమరికను చెప్పే ‘లాంగ్’ వేరియబుల్ అందకపోవచ్చు. అప్పుడు టీమక్స్ తనను యూటీఎఫ్-8 కాని చోట ఉన్నట్టు భావిస్తుంది. సర్వీసు ఫైల్లో ‘సీ డాట్ యూటీఎఫ్-8’ పెట్టండి, లేదా టీమక్స్‌కు ‘మైనస్ యూ’ ఇవ్వండి.

తీగమల్లె:
లొకేల్ లోపమైతే అరసున్న ఒక్కటే పోదు, తెలుగు మొత్తం అడుగు గీతలుగా మారుతుంది. ఇక్కడ మిగతా పద్యం చక్కగా ఉంది. జబ్బు వెడల్పు లెక్కలో ఉంది. టెర్మినల్ గళ్ల కాగితం లాంటిది, ప్రతి గుర్తుకూ ఎన్ని గళ్లో ఒక పట్టిక చెబుతుంది. యూనికోడ్‌లో మన గుణింతపు గుర్తులు రెండు జాతులు. ా, ి, ీ, ె, ే, పొల్లు చోటు తీసుకోనివి. ు, ూ, ృ, నిండు సున్న, విసర్గ, అరసున్న చోటు తీసుకునేవి. కాబట్టి ‘నే’ ఒక గడిలో కూర్చుంటే, అరసున్నకు సాధారణంగా పక్కన వేరే గడి పడుతుంది. ఆసరా అక్షరం లేకుండా ఒంటరిగా గీసిన అరసున్నను ఫాంట్ చుక్కల వలయంతో చూపిస్తుంది, లేదా అది గడి అంచున తెగిపోతుంది. పైగా టీమక్స్ తన పట్టికతో, బ్రౌజర్‌లో టెర్మినల్‌ను గీసే ఎక్స్‌టర్మ్ జేఎస్ తన పట్టికతో లెక్కిస్తాయి. రెండూ ఏకీభవించకపోతే ఆ వరసలో కర్సర్ ఒక గడి తప్పుతుంది. అక్కడ దిద్దితే పక్క అక్షరం పోతుంది. ఒత్తులకూ ఇదే గతి. ‘క్ష’లో పొల్లు కకారపు గడిలో, షకారం తర్వాతి గడిలో పడి విడిపోతాయి.

ప్రతిలో ఉందో లేదో తేల్చడం సులువు. ఫైలును హెక్స్‌డంప్‌లో, అంటే బైట్లను అంకెల్లో చూపే పనిముట్టులో, చూడండి. ‘నేఁ’ తొమ్మిది బైట్లు: ఈ0 బీ0 ఏ8, ఈ0 బీ1 87, ఈ0 బీ0 81. చివరి మూడూ ఉంటే అరసున్న ఉన్నట్టే, తెర మింగినట్టే.

చేదబావి:
‘పంచుకున్న తెర’ వద్దని నా మాట. పంచుకుంటే వాటా తగ్గుతుంది. అన్నదమ్ములు పొలం పంచుకుంటే ఎవరి చెక్క వారిది. ‘పొత్తు’ అనండి. ఒకే కంచంలో కలిసి తినడం పొత్తు.

ఈ తేడా ఊరికే మాటల్లో లేదు. ‘టీటీవైడీ బాష్’ అని వదిలేస్తే, వచ్చిన ప్రతి బ్రౌజర్‌కూ ఒక కొత్త బాష్ (ఒక షెల్) పుడుతుంది. ఎవరి తెర వారిదే, ఒకరు కొట్టింది ఇంకొకరికి కనబడదు. అది పంక్తిభోజనం, వంట ఒకటే అయినా విస్తళ్లు వేరు. కొత్తవాళ్లందరూ ఇక్కడే పొరబడి ‘షేరింగ్ పనిచేయడం లేదు’ అంటారు. అందరి కింద ఒకే టీమక్స్ సెషన్ పెడితేనే పొత్తు. ముందు ‘టీమక్స్ న్యూ మైనస్ ఎస్ పొత్తు’. చూసేవాళ్లకు 7681 పోర్టులో ఒక టీటీవైడీ, దానికిచ్చే ఆజ్ఞ ‘టీమక్స్ అటాచ్ మైనస్ టీ పొత్తు మైనస్ ఆర్’. ‘మైనస్ ఆర్’ అంటే చూడటం మాత్రమే. రాసేవాళ్లకు 7682లో ఇంకొకటి, ‘మైనస్ ఆర్’ లేకుండా, టీటీవైడీకి ‘మైనస్ పెద్ద డబ్ల్యూ’, ‘మైనస్ ఎమ్ 1’ (ఒకేసారి ఒక్కరే) ఇచ్చి. ఇప్పటి టీటీవైడీలో పెద్ద డబ్ల్యూ ఇవ్వకపోతే మీటలు పనిచేయవు. అది లోపం కాదు, కావాలని పెట్టిన కాపలా.

‘మైనస్ ఆర్’ వల్ల ఇంకో మేలు ఉంది. టీమక్స్ 3.2 నుంచి అది చూపరి తెర కొలతను కూడా లెక్కలోకి తీసుకోదు. అది లేకపోతే ఫోన్‌లో ఒకరు చేరగానే అందరి తెరా ఫోనంత అయిపోయి, మిగతా జాగా చుక్కలతో నిండే ప్రమాదం ఉంది.

గోడగడియారం:
కాపలా అన్నారు గనుక. ఈ పోర్టుల్ని బయటికి తెరిచి పెట్టొద్దు. లినక్స్‌లో ‘మైనస్ ఐ ఎల్ఓ’ ఇస్తే ఆ యంత్రం లోపలే వింటుంది. బయటినుంచి ఎస్‌ఎస్‌హెచ్ సొరంగంలో రావచ్చు, ‘మైనస్ పెద్ద ఎల్ 7681:127.0.0.1:7681’. ‘మైనస్ సీ’తో పెట్టే పేరు, సంకేతపదం బేస్64లో వెళ్తాయి. అది గుప్తలేఖనం కాదు, కింద టీఎల్ఎస్ గుప్తీకరణ లేకపోతే దారిలో ఎవరైనా చదువుతారు. ఎంజినెక్స్ అనే వెబ్ సర్వర్ వెనక పెడితే హెచ్‌టీటీపీ 1.1 వెర్షన్, ‘అప్‌గ్రేడ్’, ‘కనెక్షన్’ హెడర్లు, ఈ మూడూ రాయాలి. ఒక్కటి మరిచినా పేజీ తెరుచుకుంటుంది, ప్రాంప్ట్ మాత్రం రాదు, ఎందుకంటే బ్రౌజర్‌కూ టీటీవైడీకీ మధ్య తెరిచి ఉండే దారి, వెబ్‌సాకెట్, కుదరలేదు. రాసే హక్కు ఇచ్చారంటే మీ యూజర్‌కున్న హక్కులన్నీ ఇచ్చినట్టే. వేరే యూజర్ కింద నడపండి.

కందపుదుంప:
ఆ మాట పోతన ముందే అన్నాడు. ‘పలికించెడివాఁడు రామభద్రుండఁట’. పలికే నోరు ఒకరిది, పలికించేది వేరొకరు. 7682లో కూర్చున్నవాడు పలికించెడివాడు, పలికేది మీ యంత్రం. ‘పలికించు’ అనే ప్రేరణార్థకం ఉండగా ‘రిమోట్ యాక్సెస్’కు కొత్త మాట కడతారెందుకు? రాయగలవాడు ‘పలికించరి’, చూసేవాడు ‘చూపరి’.

ద్రుతసంధి:
‘చూపరి’ బాగుంది, వాడుకలో ఉన్నదే. ‘పలికించరి’ కుదరదు. చెవికి ‘పలికించరు’ అన్న వ్యతిరేక క్రియలా తగులుతుంది. ‘పలికించెడివాఁడు’ అన్న నిండుతనాన్ని ఒక ‘రి’తో కుదించలేం.

కందపుదుంప:
‘నేర్పరి’ ఉంది కదండీ. ‘నేర్పరు’తో ఎవరూ పొరబడటం లేదు.

ద్రుతసంధి:
‘నేర్పు’ నామం, దాని మీద ‘అరి’ వచ్చింది. ‘పలికించు’ క్రియ. మీ ‘చూపరి’ కూడా ‘చూపు’ అన్న నామం మీద నిలబడినదే.

వెన్నెలగడప:
హెక్స్‌డంప్ చూశాను. రెండో పాదం చివర ఈ0 బీ0 81 ఉంది. అంటే అరసున్న ప్రతిలో భద్రంగానే ఉంది. కానీ నాలుగో పాదంలో ‘గాథ’ తర్వాత ఆ మూడు బైట్లూ లేవు, నేరుగా ఖాళీ, తర్వాత ‘బలుకఁగ’. ఇది మటుకు తెర పని కాదు. గాథను పలుకఁగ అన్న ద్వితీయ అక్కడ ఉన్నట్టా, లేనట్టా?

ద్రుతసంధి:
బకారం ఉంటే ద్రుతం ఉన్నట్టే. ఎక్కించినవారు ఒక చోట పెట్టి ఒక చోట వదిలారు. ఆ ప్రతి ఎక్కడిది?