సంతలో సరిగ్గా తూచిన ఇద్దరిలో ఎవరు మంచివాడు? (అరిస్టాటిల్, కాంట్, హ్యూమ్)

పర్లాకిమిడి_విద్యార్థిని:

అందరికీ నమస్కారం. ఫిలాసఫీ ఆనర్స్ చదువుతున్నాను. క్లాసు ఒడియాలో, పుస్తకాలు ఇంగ్లీషులో, బుర్రలో నడిచేది తెలుగులో. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

గుణుపురం వైపు సంత ఒకటి అనుకోండి. కొండ దిగి చింతపండు తెచ్చిన సవర ఆవిడకి కాటా మీద అంకెలు చదవడం రాదు. ఇద్దరు వ్యాపారులూ సరిగ్గానే తూచారు, లెక్క ప్రకారం డబ్బిచ్చారు. మొదటివాడికి తరుగు పేరు చెప్పి రెండు కిలోలు నొక్కేయాలన్న ఆలోచనే రాలేదు. రెండోవాడికి ఆశ పుట్టింది, అణచుకున్నాడు. మా నోట్సులో "అరిస్టాటిల్‌కి మొదటివాడు మేలు, కాంట్‌కి రెండోవాడు మేలు, హ్యూమ్ బుద్ధినే ఒప్పుకోడు" అని మూడు ముక్కల్లో తేల్చేశారు. అలాగైతే కాంట్ లెక్కలో దుర్బుద్ధి ఉన్నవాడికే ఎక్కువ మార్కులు పడవా? పదిహేను మార్కుల ప్రశ్న, ఎలా రాయాలో చెప్పండి.

బరంపురం_మేస్టారు:

అమ్మా, మొదటి ముక్క దాదాపు సరే. మిగతా రెండూ పరీక్షలో మునిగిపోయే రకం. నేను అరిస్టాటిల్ వరకు చెబుతాను.

'నికోమాకియన్ ఎథిక్స్' పది భాగాల పుస్తకం. మీ ప్రశ్నకి జవాబు మూడు చోట్ల ఉంది. మొదటి భాగం 8వ అధ్యాయంలో, న్యాయంగా నడవడంలో సంతోషం లేనివాణ్ని ఎవరూ న్యాయవంతుడు అనరంటాడు. రెండో భాగం 3వ అధ్యాయంలో దాన్నే పరీక్షగా పెడతాడు: పని చేసేటప్పుడు కలిగే సుఖమో కష్టమో ఆ మనిషి స్వభావానికి గుర్తు. ఏడో భాగంలో వరస కడతాడు. అన్నిటికంటే పైన సద్గుణి, అతనిలో కోరికా బుద్ధీ ఒకే వైపు లాగుతాయి. అతని కింద నిగ్రహం ఉన్నవాడు, కోరిక అటు లాగినా బుద్ధి మాటే నెగ్గుతుంది. ఆ కింద నిగ్రహం లేనివాడు, తప్పని తెలిసీ చేస్తాడు. వీళ్లందరి కింద దుర్గుణి, తప్పే ఒప్పని ఎంచుకుంటాడు. మీ రెండో వ్యాపారి రెండో మెట్టు మీద ఉన్నాడు. చెడ్డవాడేం కాదు, ఇంకా తయారవుతున్నవాడు.

ఇక్కడ పిల్లలు జారే చోటు ఒకటుంది. "సరిగ్గా తూచాడు కాబట్టి మొదటివాడు సద్గుణి" అని రాసేస్తారు. రెండో భాగం 4వ అధ్యాయంలో మూడు షరతులు ఉన్నాయి: తాను చేసేదేమిటో తెలిసి చేయాలి, దాన్ని దాని కోసమే ఎంచుకోవాలి, చలించని స్థిరస్వభావంతో చేయాలి. ఆశ పుట్టలేదంటే అది పుణ్యమే కానక్కర్లేదు. ఆ రోజు ఆసామి పరాకుగా ఉన్నాడేమో! ఆలోచన రాకపోవడం వేరు, ఏళ్ల తరబడి న్యాయంగా తూచి తూచి ఆ ఆలోచనకి చోటే లేకుండా పోవడం వేరు. అరిస్టాటిల్ మెచ్చుకునేది రెండో రకాన్ని.

ఇంకో సంగతి, ఇది రాస్తే దిద్దేవాళ్లు ఆగి చదువుతారు. సద్గుణికి అంతా హాయిగానే ఉంటుందని ఆయన అనలేదు. మూడో భాగం 9వ అధ్యాయంలో, ధైర్యవంతుడికి గాయాలు బాధపెడతాయనీ, అతను ఎంత సుఖంగా, గుణవంతంగా బతికితే చావు అంత కష్టంగా తోస్తుందనీ ఒప్పుకుంటాడు. పోగొట్టుకునేది ఎక్కువ కాబట్టి. అందుకని ఆయన చెప్పే "సుఖజీవనం" గురించి రాసేటప్పుడు నిండు జీవితం పొడుగునా సద్గుణంతో సాగే కార్యాచరణ అని రాయండి. ఆ పూట మనసు ఎలా ఉందన్నది కాదు.

వంశధార_ఒడ్డు:

కాంట్ సంగతి నేను తీసుకుంటాను. ఈయన మీద వేసినన్ని నిందలు ఇంకెవరి మీదా వేయరు.

చెల్లీ, ముందు మీ సంతలోకి మూడో వ్యాపారిని తీసుకురండి. "మోసం చేస్తే రేపు కొండ మీది వాళ్లెవరూ నా దగ్గరికి రారు" అని సరిగ్గా తూచేవాడు. 1785 నాటి 'నీతి తత్త్వమూలాలు' గ్రంథంలో కాంట్ చెప్పిన దుకాణదారు వీడే. తెలియని కొనుగోలుదారు దగ్గర ఎక్కువ పుచ్చుకోడు, అందరికీ ఒకే ధర, చిన్నపిల్లాడు వచ్చినా అదే ధర. అయినా అది కర్తవ్యమని (అదే సరైనదన్న కారణంతోనే) చేసిన పని కాదు, లాభం చూసుకుని చేసినది. చాలా నోట్సుల్లో ఈ దుకాణదారునే కర్తవ్యానికి ఉదాహరణగా రాస్తున్నారు. పూర్తిగా తలకిందులు.

తర్వాత వచ్చేదే అందరూ తప్పుగా చదివే భాగం, పరోపకారి ఉదాహరణ. ఇతరులకి సాయం చేయడంలో ఆనందించే మనిషి ఒకడు. అతనికే సొంత దుఃఖం ముంచుకొచ్చి, ఇంకొకరి మీద జాలిపడే ఓపిక కూడా లేకుండా పోయింది. అయినా ఆ మొద్దుబారిన స్థితి నుంచి తనను తాను పెరికి తెచ్చుకుని సాయం చేస్తాడు. అప్పుడే ఆ పనికి అసలైన నైతిక విలువ అంటాడు కాంట్. ఒకే మనిషి, రెండు పరిస్థితులు, గమనించండి. జాలి ఉన్నప్పుడు అతన్ని నడిపించింది జాలా, కర్తవ్యమా అన్నది బయటినుంచి తేల్చలేం. జాలిని తీసేసి చూస్తే మిగిలేది కనిపిస్తుంది. ఇది పరీక్ష మాత్రమే, జాలి లేకుండా బతకమన్న సలహా కాదు. (సహజంగానే జాలి తక్కువైన ఇంకో మనిషిని కూడా వెంటనే తెస్తాడు. గందరగోళం మొదలయ్యేది అక్కడే.)

ఇక్కడ జాలికి ఆయన పెట్టిన అభ్యంతరం ఇదీ: అది అదృష్టవశాత్తూ మంచి వైపు తిరిగితే మెచ్చుకోవచ్చు, ప్రోత్సహించవచ్చు, కానీ ఎప్పుడూ అటే తిరుగుతుందన్న హామీ లేదు. ఆవిడ మీద జాలితో సరిగ్గా తూచినవాడు, విసుగు పుట్టించే బేరగాడి దగ్గర ఏం చేస్తాడు?

మీ భయానికి జవాబు: మీ రెండోవాడి దురాశకి కాంట్ మార్కులు వేయడం లేదు. ఆశ ఉన్నా లేకున్నా పనిని నిలబెట్టిన సూత్రానికి, అంటే కర్తవ్యం కాబట్టి చేయాలన్న నియమానికి వేస్తున్నాడు. మొదటివాడిలోనూ అదే సూత్రం ఉండవచ్చు, కాకపోతే మనకి కనపడదు.

పర్లాకిమిడి_విద్యార్థిని:

చాలా స్పష్టంగా చెప్పారు అన్నయ్యా. కానీ కాంట్‌కి సంతోషంగా చేసే మంచి అంటే అనుమానమేనా? జర్మన్ కవి షిల్లర్ ఎగతాళి చేశాడని చదివాను.

వంశధార_ఒడ్డు:

ఎగతాళి నిజమే. స్నేహితులకి ఇష్టంగా సాయం చేస్తున్నాను, అందుకే నేను సద్గుణిని కానేమో అన్న అర్థం వచ్చే చురక అది. కానీ షిల్లర్ 1793లో రాసిన గంభీరమైన వ్యాసానికి కాంట్ జవాబిచ్చాడు, మతం మీద రాసిన పుస్తకం రెండో ముద్రణలో (1794) ఫుట్‌నోటుగా చేర్చాడు. సద్గుణం మనసులో ఉల్లాసంగా ఉంటుందా, దిగులుతో కుంగి ఉంటుందా అని తానే అడిగి, ఉల్లాసమే అన్నాడు. బానిసలా ఏడుస్తూ చేస్తున్నావంటే లోపల ఆ ధర్మం మీద ద్వేషం దాక్కుని ఉందన్నమాట. 1797 నాటి 'నీతి తత్త్వశాస్త్రం'లో ఇంకా ముందుకెళ్లాడు: పేదలుండే చోట్లనుంచి తప్పించుకోకూడదు, రోగుల గదులకీ అప్పులవాళ్ల జైళ్లకీ మొహం చాటేయకూడదు, ఎందుకంటే సానుభూతిని పెంచుకోవడమూ పరోక్షంగా మన కర్తవ్యమే. ఈ రెండూ చేరిస్తే "కాంట్ వర్సెస్ భావోద్వేగం" అన్న పాత పాట ఆగిపోతుంది.

కొండచీపురు:

హ్యూమ్‌ని ఇంతసేపు గుమ్మం దగ్గరే నిలబెట్టారు!

"బుద్ధినే ఒప్పుకోడు" అన్నది తప్పు. 'మానవ స్వభావ గ్రంథం' (1739-40) రెండో భాగంలో ఆయన అన్నది, బుద్ధి ఒంటరిగా మనిషిని కదిలించలేదని. ఈ కాటా రెండు కిలోలు తక్కువ చూపిస్తోందని బుద్ధి చెబుతుంది. దాన్ని సరిచేయాలన్న కదలిక రావాలంటే ఏదో ఒకటి మనకి పట్టాలి. బుద్ధి రాగాలకి (ఆశ, జాలి, కోపం లాంటి భావోద్వేగాలకి) బానిస అన్న ప్రసిద్ధ వాక్యం అర్థం ఇంతే, మనసుకి తోచింది చేసుకోమని కాదు. పైగా శాంతమైన రాగాలుంటాయని, అవి లోపల అలజడి లేకుండా పనిచేస్తాయి కాబట్టి వాటినే మనం బుద్ధి అనుకుంటామని అంటాడు. అంటే మీ రెండోవాడు ఆశని అణచింది బుద్ధితో కాదు, శాంతమైన ఇంకో రాగంతో. ఈ ఒక్క వాక్యం మీ జవాబులో ఉండి తీరాలి.

ఇంకా ముఖ్యమైనది: మీ ఉదాహరణ తూకం గురించి, అంటే న్యాయం గురించి. హ్యూమ్‌కి దయ సహజ గుణం, న్యాయం మాత్రం మనుషులు ఒప్పందంతో అల్లుకున్నది. నీ పంట ఇవాళ పండింది, నాది రేపు పండుతుంది, ఇవాళ నేను నీకు కోస్తే రేపు నువ్వు నాకు కోయాలి. నమ్మకం లేక ఇద్దరూ చేతులు కట్టుకుంటే రెండు పంటలూ పోతాయి. ఈ ఉదాహరణ ఆయనదే. సంతలో తూకానికి అతికినట్టు సరిపోతుంది.

ఈ లెక్కకి బీటలు వేసేవాడు నాలుగో వ్యాపారి. రోజంతా సరిగ్గా తూచి, ఎవరూ చూడని ఒక్కసారి మాత్రం నొక్కేసేవాడు. 1751 నాటి 'నీతి సూత్రాల విచారణ' ముగింపులో వీణ్ని హ్యూమే తెస్తాడు, తెలివైన మోసగాడని. వీణ్ని వాదంతో గెలవడం కష్టమని ఒప్పుకుంటాడు. మనశ్శాంతి, తన నడవడి తనకి తృప్తిగా ఉండటం, వీటిని చవక సరుకుల కోసం అమ్ముకున్నాడంటాడు. ఆ తృప్తి అంటే ఏమిటో తెలియని మొండివాడికి ఈ జవాబు పనిచేయదు. హ్యూమ్ బలహీనమైన చోటు ఇదే అని నా అభిప్రాయం. కాంట్ మొదలుపెట్టేదే ఇక్కణ్నుంచి.

బరంపురం_మేస్టారు:

అమ్మా, రాసేటప్పుడు ముగ్గురికీ తలా అయిదు మార్కులని పంచకండి. నలుగురు వ్యాపారులనీ మొదటి పేరాలో నిలబెట్టండి. ప్రతి తత్త్వవేత్తా వాళ్లలో ఎవరి దగ్గర ఆగుతాడో, ఎందుకు ఆగుతాడో చెప్పండి. అరిస్టాటిల్ ఎలాంటి మనిషి బాగా బతుకుతాడని అడుగుతున్నాడు, కాంట్ పనికి విలువ ఎక్కణ్నుంచి వస్తుందని అడుగుతున్నాడు, హ్యూమ్ మనిషిని కదిలించేదేమిటని అడుగుతున్నాడు. ప్రశ్నలు వేరని ముందే చెబితే పోలిక దానంతట అదే కుదురుతుంది.

అరిస్టాటిల్ మధ్యేమార్గం (సద్గుణం అతికీ లోటుకీ మధ్య ఉంటుందన్న మాట) గురించి రాస్తే, అది సగటు అని మాత్రం రాయొద్దు. మల్లయోధుడు మైలో ఉదాహరణ వాడండి: తిండి 10 మినాలు (పాత గ్రీకు తూకం) ఎక్కువ, 2 మినాలు తక్కువ అయితే శిక్షకుడు అందరికీ 6 వడ్డించడు. ఆ 6 మైలోకి చాలదు, కొత్తగా వ్యాయామం మొదలుపెట్టినవాడికి ఎక్కువ. న్యాయం దగ్గరికొస్తే ఈ మధ్యేమార్గం ఇంకోలా నడుస్తుంది, అయిదో భాగం మొత్తం న్యాయం మీదే. దాన్ని ఈ జవాబులోకి లాగితే టైము చాలదు.