ఒకే ఇంట్లో రెండు బైబిళ్లు: 73 గ్రంథాలా, 66 గ్రంథాలా? నిర్ణయించే అధికారం ఎవరిది?

ప్రశ్న: గుంటూరు ఆడపడుచు (బెంగళూరు)

నేను గుంటూరు జిల్లాలో ఆర్‌సీఎం (రోమన్ క్యాథలిక్) కుటుంబంలో పుట్టి, ఒంగోలు బాప్టిస్టు (ప్రొటెస్టెంటు) కుటుంబానికి కోడలినయ్యాను. పన్నెండేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాము. క్రిందటి నెలలో మా నాన్నగారి ప్రథమ వర్ధంతి సందర్భంగా రెండు వైపుల బంధువులతో మా ఇంట్లోనే ప్రార్థన కూడిక ఏర్పాటు చేసుకున్నాము. మక్కబీయుల రెండవ గ్రంథం 12వ అధ్యాయంలో, యుద్ధంలో చనిపోయినవారి పాపపరిహారం కోసం యూదా మక్కబీయుడు వెండి నాణేలు పోగుచేసి యెరూషలేముకు పంపిన భాగాన్ని మా అమ్మ చదవడం మొదలుపెట్టింది. రెండు వాక్యాలు పూర్తికాకముందే, సంఘంలో పెద్దగా ఉన్న మా చినమామయ్యగారు "అది బైబిలు కాదు వదినగారూ, తర్వాత కలిపినది" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు, నిజంగా అలాగే నమ్ముతారు. మా అమ్మ మాట్లాడకుండా గ్రంథం మూసి ఒడిలో పెట్టుకుంది.

ఆ రాత్రి పదో తరగతి చదివే మా అబ్బాయి రెండు బైబిళ్లూ పక్కపక్కన పెట్టి చూశాడు. క్యాథలిక్ బైబిలులో 73, ప్రొటెస్టెంటు బైబిలులో 66 అని గ్రంథాల సంఖ్యే కాదు, మాటలు కూడా వేరుగా ఉన్నాయని, ఏది సరైనదో ఎవరు చెప్పాలని నన్ను అడిగాడు. నాకు జవాబు తెలియలేదు. ఆ గ్రంథాలను ఎవరు కలిపారు, లేక ఎవరు తీసివేశారు? దయచేసి ఎదుటివారిని నొప్పించకుండా, తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1: సత్యోపదేశకుడు (చెన్నై)

అమ్మా, నేను క్యాథలిక్కును, మా విచారణలో (పారిష్‌లో) పిల్లలకు సత్యోపదేశం చెప్పేవాడిని. "తర్వాత కలిపినది" అనే మాట చరిత్రకు నిలవదని ముందుగా చెప్పాలి. మీ అత్తవారి బైబిలులో లేని తోబీతు, యూదితు, సొలోమోను జ్ఞానగ్రంథం, సీరా జ్ఞానగ్రంథం, బారూకు, మక్కబీయుల రెండు గ్రంథాలు, వీటితో పాటు ఎస్తేరు, దానియేలు గ్రంథాలలోని కొన్ని భాగాలు క్రీస్తు పూర్వపు యూదుల రచనలే. గ్రీకు మాట్లాడే తొలి క్రైస్తవులు చదివిన సెప్టువజింటు అనే పాత నిబంధన గ్రీకు అనువాదం ద్వారా అవి శ్రీసభకు (క్యాథలిక్ సంఘానికి) అందాయి. ఆఫ్రికాలో 393లో హిప్పో, 397లో కార్తేజు సభలు ప్రకటించిన జాబితాలలో అవి ఉన్నాయి. 1450ల నాటి గూటెన్‌బర్గు బైబిలులోనూ ఉన్నాయి, అప్పటికి ప్రొటెస్టెంటు సంస్కరణకు నాంది పలికిన లూథరు ఇంకా పుట్టనేలేదు. క్యాథలిక్కుల ట్రెంటు మహాసభ 1546 ఏప్రిల్ 8న చేసినది, వివాదం రేగినందువల్ల పాత జాబితాకే కట్టుబడాలని ఆజ్ఞగా చెప్పడం.

మీ అబ్బాయి అడిగినదే అసలు ప్రశ్న. బైబిలులో ఏ ఏ గ్రంథాలు ఉండాలో చెప్పే జాబితా బైబిలులో ఎక్కడా లేదు. లేఖనమే ఏకైక ప్రమాణం అనేవారు కూడా ఆ లేఖనం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలుసుకోవడానికి, ఆ గ్రంథాలను చదివి, కాపాడి, ఆరాధనలో వినిపించిన సమాజం సాక్ష్యం మీదనే ఆధారపడవలసి వస్తుంది. శ్రీసభ బోధనాధికారం దేవుని వాక్కుకు పైన ఉండేది కాదని, దానికి సేవ చేసేదని రెండవ వాటికన్ మహాసభ 1965లో స్పష్టంగా చెప్పింది. ఆ సేవ లేకపోతే వాక్యానికి అర్థం చెప్పేవారు ఎందరో సంఘాలూ అన్ని అవుతాయి. మన వీధుల్లోనే చూస్తున్నాము.

జవాబు 2: బెన్సన్ టౌన్ విశ్వాసి (బెంగళూరు)

నేను ప్రొటెస్టెంటును. మీ అమ్మగారు గ్రంథం మూసివేయవలసి రావడం నాకు బాధ కలిగించింది. సంస్కర్తలు కూడా ఆ గ్రంథాల పట్ల అంత కఠినంగా లేరు. లూథరు 1534లో ప్రచురించిన జర్మన్ బైబిలులో వాటిని రెండు నిబంధనల మధ్య ఉంచి, లేఖనాలతో సమానం కాకపోయినా చదవడానికి మంచివి, ప్రయోజనకరమైనవి అని వ్రాశాడు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలులోనూ అవి ప్రత్యేక భాగంగా ఉన్నాయి. ఆంగ్లికన్ (ఇంగ్లండు సంఘపు) విశ్వాస సూత్రాలలో ఆరవది వాటిని జీవితాదర్శం కోసం చదవవచ్చునని, సిద్ధాంతాన్ని స్థాపించడానికి మాత్రం వాడకూడదని చెబుతుంది. బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీ 1826లో ఆ గ్రంథాల పంపిణీకి సహాయం ఆపివేసింది. తెలుగులో కొత్త నిబంధన 1818లో మద్రాసులో అచ్చయింది, సంపూర్ణ బైబిలు ఆ తర్వాత గాని రాలేదు. కాబట్టి మన తాతముత్తాతల చేతికి అందిన బైబిలులో వాటికి చోటు ఉండే అవకాశమే లేకపోయింది. మీ చినమామయ్యగారు వాటిని తిరస్కరించలేదు, ఎన్నడూ చూడలేదు.

అయితే పై జవాబులోని అధికారపు వాదనను నేను అంగీకరించలేను. దస్తావేజు మీద సాక్షి సంతకం చేసినంత మాత్రాన ఆస్తి సాక్షిది కాదు. సంఘం లేఖనాలను గుర్తించింది, వాటికి అధికారం ఇవ్వలేదు. వుల్గాతా అనే లాటిన్ బైబిలును సిద్ధపరచిన జెరోమే హెబ్రీ భాషలో లేని గ్రంథాలను వేరుగా ఉంచాలని వ్రాశాడు. పాత నిబంధన యూదులకు అప్పగించబడినదని రోమా పత్రిక 3:2 చెబుతున్నప్పుడు, వారి హెబ్రీ జాబితాను ప్రమాణంగా తీసుకోవడం అహంకారం కాదు. అనువాదం విషయంలోనూ అధికారం పొరపాటు పడగలదు. పోపు ఐదవ సిక్స్తుసు 1590లో వెలువరించిన వుల్గాతా ప్రతిని ఆయన మరణానంతరం ఉపసంహరించి, 1592లో సవరించిన ప్రతిని తేవలసి వచ్చింది. మూలభాష దగ్గరకు వెళ్లి సరిచూసే హక్కు విశ్వాసికి ఉండాలని మేము పట్టుబట్టేది ఇందుకే.

జవాబు 3: మైలాపూర్ పాఠకుడు (చెన్నై)

గ్రంథాల సంఖ్య గురించి పైవారిద్దరూ చెప్పారు. మీ అబ్బాయి గమనించిన మాటల తేడా గురించి చెప్పాలనుకుంటున్నాను. నేను సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం అనే ప్రొటెస్టెంటు సంఘం) సభ్యుడను, కొంత గ్రీకు నేర్చుకున్నాను. మా తెలుగు బైబిలును ప్రాణంగా ప్రేమిస్తాను గనుకనే ఇది చెబుతున్నాను.

లూకా 1:28లో దూత మరియను పలకరించే మాటను మా బైబిలు "దయాప్రాప్తురాలా" అంటుంది, క్యాథలిక్కుల జపం "దేవవరప్రసాదముచేత నిండిన మరియమ్మా" అంటుంది. గ్రీకులో అది ఒకే ఒక్క పదం: కృప పొంది ఆ కృపలోనే నిలిచి ఉన్న స్త్రీ అని దాని భావం. "నిండిన" అనేది జెరోము లాటిను నుంచి వచ్చింది. కృప ఆమెకు వెలుపలి నుంచి వచ్చినదని మొదటి అనువాదం పట్టుకుంది, ఆమెలో నిలిచి ఉన్నదని రెండవది పట్టుకుంది.

రోమా 3:28లో లూథరు జర్మనులో "మాత్రమే" అనే పదం చేర్చాడని క్యాథలిక్కులు తప్పుపట్టారు. గ్రీకులో ఆ పదం లేదన్నది నిజం. జర్మను నుడికారం దాన్ని కోరుతుందని ఆయన 1530లో సమాధానమిచ్చాడు. మన తెలుగు బైబిలులో ఆ వాక్యం చూడండి: "విశ్వాసమువలననే". లూథరు ఒక పదం చేర్చిన చోట మనవారికి ఒక్క ఏకారం సరిపోయింది, ఎవరూ గమనించలేదు. విశ్వాసం, మాత్రమే అనే రెండు మాటలు గ్రీకులో కలిసి వచ్చేది యాకోబు 2:24లో, అదీ "విశ్వాసమూలమున మాత్రము కాక" అని.

నన్ను ఎక్కువగా కలచివేసినది మరొకటి. గ్రీకులో "పరదోసిస్" అంటే చేతి నుంచి చేతికి అప్పగించినది. మార్కు 7:8లో యేసు పరిసయ్యులను గద్దించేటప్పుడు మా బైబిలు ఆ పదాన్ని "పారంపర్యాచారము" అని అనువదించింది. పౌలు అదే పదాన్ని మెచ్చుకోలుగా వాడిన 1 కొరింథీ 11:2లో "కట్టడలు" అని, 2 థెస్సలొనీక 2:15లో "విధులు" అని పెట్టింది. తెలుగు మాత్రమే చదివేవారికి పారంపర్యం అన్నది యేసు ఖండించిన వస్తువుగానే కనిపిస్తుంది. నోటిమాటగా అందిన పారంపర్యాన్ని చేపట్టుమని పౌలే చెప్పాడని తెలిసే దారి లేదు. దీనివల్ల నేను క్యాథలిక్కును కాలేదు. మనుషుల పారంపర్యానికీ అపొస్తలుల పారంపర్యానికీ భేదం ఉందనే ఇప్పటికీ నమ్ముతాను. కానీ ఆ భేదాన్ని పాఠకుడు వివేచించవలసిన చోట అనువాదకులు ముందే తీర్పు చెప్పేశారు. సంఘాధికారం వద్దని చెప్పిన మేము తెలియకుండానే అనువాదకుల అధికారం కింద చదువుకుంటున్నాము.

ప్రశ్న అడిగినవారు: గుంటూరు ఆడపడుచు

అందరికీ వందనాలు. మూడవ జవాబును మా అబ్బాయికి చదివి వినిపించాను; వాడు రెండు బైబిళ్లలోనూ "పరదోసిస్" వచ్చే ఆ మూడు వచనాల కింద పెన్సిలుతో గీతలు గీసుకున్నాడు. రెండవ జవాబులోని లూథరు మాటను మావారు చినమామయ్యగారికి ఫోనులో చెప్పారు. ఆ గ్రంథాలను సిద్ధాంతానికి ఒప్పుకోనని, అయితే చదవడానికి మంచివని లూథరే వ్రాసిన గ్రంథాన్ని మూయించడం తన తప్పేనని ఆయన అన్నారు. చనిపోయినవారు శుద్ధి పొందే చోటు అని క్యాథలిక్కులు నమ్మే ఉత్తరించు స్థలం గురించి మా అమ్మ, ఆయన ఎప్పటికీ ఏకీభవించరు. వచ్చే ఆదివారం ఆయన మా ఇంటికి వస్తున్నారు. సొలోమోను జ్ఞానగ్రంథం మూడవ అధ్యాయం, నీతిమంతుల ఆత్మలు దేవుని చేతిలో ఉన్నవని చెప్పే భాగం, మా అమ్మ చివరిదాకా చదువుతుంది.