గుడ్డ ఏనుగుల తొండం కుట్టు విచ్చుకుంటోంది

ప్రశ్న: అంగన్‌వాడీ పిల్లలకిద్దామని కాటన్ ముక్కలతో ఏనుగులు కుడుతున్నాం. దూది కూరుతుంటే తొండం దగ్గర కుట్టు విచ్చుకుంటోంది. ఉతికితే లోపల ఉండలు. ఏం చేయాలండీ?

జవాబు 1: కుట్టు బయట గుడ్డ అంచు ఎంత వదిలారు? అర సెంటీమీటరు చాలదు, 1 సెం.మీ. వదలండి. మిషను కుట్టు పొడవు 2 మి.మీ.కి తగ్గించి, వంపుల్లో అదే గీత మీద రెండోసారి వేయండి. తిరగేసే ముందు వంపుల్లో పెట్టే గాట్లు కుట్టుకు 2 మి.మీ. ఇవతలే ఆగాలి. గాటు కుట్టును తాకిందా, కూరగానే అక్కడే చిరుగుతుంది.

జవాబు 2: దూది మానేయండి; తడిస్తే ఉండకడుతుంది, త్వరగా ఆరదు. దిండ్లలో వాడే పాలిస్టర్ ఫైబర్‌ను చిన్న తుంపులుగా విడదీసి, ముందు తొండం కొసకు పెన్సిల్ మొద్దు వైపుతో నెట్టండి.

జవాబు 3: కళ్లకు గుండీలు మాత్రం వద్దమ్మా! మూడేళ్ల లోపు వాళ్లు పీకి నోట్లో పెట్టుకుంటారు. నల్లదారంతోనే కళ్లు కుట్టేయండి.

ప్రశ్న అడిగినవారు: కూరడానికి సందు ఎంత?

జవాబు 1: పొట్ట కింద 5 సెం.మీ. చాలు.