కృత్రిమ శరీరద్రవంలో మెగ్నీషియం ఇంత త్వరగా ఎందుకు కరుగుతోంది?

తార్నాక పరిశోధకురాలు:
ఎముక స్క్రూల కోసం డబ్ల్యూఈ43 అనే మెగ్నీషియం మిశ్రలోహంపై పనిచేస్తున్నాను. 37 డిగ్రీల దగ్గర, ట్రిస్ బఫర్ (ఆమ్ల-క్షార స్థాయి మారకుండా చూసే రసాయనం) ఉన్న కృత్రిమ శరీరద్రవంలో ముంచగానే ముక్క చుట్టూ బుడగలు లేస్తున్నాయి. కణాలు పెంచే మాధ్యమంలో అదే ముక్క నిలకడగా ఉంటోంది. దేన్ని నమ్మాలి?

సనత్‌నగర్ లోహశాస్త్ర ఉపాధ్యాయుడు:
ముందు ట్రిస్‌ను అనుమానించమ్మా. మెగ్నీషియం నీటితో కలిస్తే హైడ్రోజన్‌తోపాటు హైడ్రాక్సైడ్ పుడుతుంది. ఆ క్షారగుణమే ఉపరితలం మీద పొరను నిలుపుతుంది. ట్రిస్ దాన్ని ఎప్పటికప్పుడు తటస్థపరుస్తుంటే పొర ఎలా నిలుస్తుంది? పైగా కొకుబో ద్రవంలో, అంటే నువ్వు వాడే తరహా కృత్రిమ శరీరద్రవంలో, క్లోరైడ్ లీటరుకు సుమారు 148 మిల్లీమోల్‌లు, రక్త ప్లాస్మాలో 103. బైకార్బనేట్ 4.2 మాత్రమే, ప్లాస్మాలో 27. తినేది ఎక్కువ, కాపాడేది తక్కువ! 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న ఇంక్యుబేటర్‌లో, బైకార్బనేట్ బఫర్‌తో మళ్లీ చూడు. శరీరానికి దగ్గరి పరీక్ష అదే.

ఉప్పల్ నుంచి:
వాయువును కొలుస్తున్నారా? గ్రాము మెగ్నీషియం కరిగితే దాదాపు లీటరు హైడ్రోజన్ వస్తుంది. బరువు తగ్గుదలతో సరిపోల్చండి.

తార్నాక పరిశోధకురాలు:
కొలుస్తానండి. మాస్టారూ, ప్రోటీన్లు కూడా కలపాలా?

సనత్‌నగర్ లోహశాస్త్ర ఉపాధ్యాయుడు:
ఇప్పుడే వద్దు. బఫర్, ప్రోటీన్లు రెండూ ఒకేసారి మారిస్తే తేడా దేనివల్ల వచ్చిందో తెలియదు.