పిల్లల సంరక్షణ సంస్థలో ఉద్యోగం: చేరమంటారా?

కృష్ణాతీరం:
ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్‌లో పీజీ) పూర్తయింది. విజయవాడ రైల్వే స్టేషన్లో ఒంటరిగా దొరికే పిల్లల కోసం పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థ రమ్మంటోంది. జీతం తక్కువ, ఒప్పందం ఏడాదికే. ఇంట్లో బ్యాంకు పరీక్షలు రాయమంటున్నారు. ఈ పనిలో ఉన్నవారు ఉన్నదున్నట్టు చెప్పండి.

రైలుకూత:
వేరే ఊళ్లో నేను ఈ పనే చేస్తున్నాను. 2015 బాల న్యాయ చట్టం ప్రకారం పిల్లవాణ్ణి 24 గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. అర్ధరాత్రి రైలు దిగినవాడు భయంతో పేరూ ఊరూ తప్పు చెబుతాడు. ఒకపక్క పోలీసు కాగితాలు, వైద్య పరీక్ష నడుస్తుంటే, మరోపక్క వాడికి అన్నం పెట్టి మాటల్లోకి దింపాలి. అలసట ఉంటుంది కానీ అది నన్ను బాధించదు.

నన్ను దహించేది ఆ తర్వాతి సంగతి. దాతల నివేదికలో ఎంతమందిని రక్షించారో రాయడానికి గడి ఉంటుంది. ఇంటికి చేరినవాడు బడికి వెళుతున్నాడా, ఇటుక బట్టీకి వెళుతున్నాడా అని చూసి రావడానికి బస్సు ఛార్జీలు కూడా ఉండవు. తండ్రి తాగుడో, అప్పులో, బడిలో దెబ్బలో వాణ్ణి ఇల్లు వదిలేలా చేశాయి. అవి మారకపోతే వాడు మళ్లీ రైలెక్కుతాడు. ఇది అందరికీ తెలుసు, అయినా ఆ పనికి నిధుల్లో పద్దు రాదు!

సంతోషమూ ఉంది. మేము ఇంటికి చేర్చిన ఒక అబ్బాయి ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చదువుతున్నాడు. కమిటీ గుమ్మంలో నోరు పెగలక నిలబడిన వాళ్లమ్మ, మొన్న కూతురికి సాంఘిక సంక్షేమ హాస్టల్లో సీటు కోసం తానే అధికారులతో వాదించి సాధించింది. ఆ ఫోను వచ్చిన రోజు నాకు పండగే.

లెక్కలపుస్తకం:
నేను ఒక చిన్న సంస్థలో ఖాతాలు చూస్తాను. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించి, పరిపాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20కి తగ్గించారు. ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ నిధులను మరో సంస్థకు ఇవ్వకూడదన్నారు. పెద్ద సంస్థల ద్వారా డబ్బు అందుకునే మాలాంటివారికి ఆ దారి మూసుకుపోయింది. చేరేముందు నిధులు ఎవరివో, ఎన్ని నెలలకు ఉన్నాయో, భవిష్య నిధి కడతారో లేదో అడగండి. అడగడం తప్పు కాదు.

కృష్ణాతీరం:
ఇద్దరికీ ధన్యవాదాలు. రైలుకూత గారూ, మరి పిల్లల ఇళ్లకు ఎలా వెళుతున్నారు?

రైలుకూత:
ఒకే దారిలో ఉన్న ఊళ్లను కలిపి ఒక రోజు పెట్టుకుంటాను. ఊరి అంగన్‌వాడీ టీచరుతోనో, ఆశా కార్యకర్తతోనో పరిచయం పెంచుకుంటాను. మీరు చేరితే ఈ ప్రయాణాలకు వేరే పద్దు పెట్టమని మొదటి సమావేశంలోనే అడగండమ్మా.