నాటాల్ ఓడల జాబితాల నుంచి మన ఊరి దాకా: పూర్వీకుల జాడ ఇంటర్నెట్‌లో వెతకడం ఎలా? (చర్చ)

ముత్తాత_జాడ (విజయనగరం)
మా ముత్తాతగారి తమ్ముడు 1890 ప్రాంతంలో చెరకు తోటల పనికి దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు వెళ్లి, మళ్లీ రాలేదని మా ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఆయన పేరు అప్పలస్వామి. తండ్రి పేరు, ఇంటిపేరు, గోత్రం, ఊరు మాకు తెలుసు గానీ కాగితం మాత్రం ఒక్కటీ లేదు. వంశవృక్షాల వెబ్‌సైట్లు కొన్ని చూశాను. నాలుగు పేజీలు తిప్పేసరికి చందా కట్టమంటున్నాయి. చందా కడితే ఉపయోగం ఉంటుందా? ఇంతకూ వెతుకులాట ఎక్కడ మొదలుపెట్టాలి? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

డర్బన్_మనవరాలు
అప్పుడే చందా కట్టకండి. ఆ వెబ్‌సైట్ల బలమంతా ఐరోపా, అమెరికా రికార్డులలోనే ఉంది. మీకు కావలసినవి ఓడల జాబితాలు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి నాటాల్ రేవైన డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా 1,52,000 మందికి పైగా గిర్మిట్ ఒప్పందంపై (కొన్నేళ్లు కట్టుబడి పనిచేస్తామనే కూలి ఒప్పందం) నాటాల్ చేరారు, వారిలో ఎక్కువమంది మద్రాసు రేవులో ఓడ ఎక్కినవారే. దిగిన ప్రతి మనిషికీ ఒక వలస సంఖ్య ఇచ్చి, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటిమీది పుట్టుమచ్చలు, ఏ యజమానికి కేటాయించారన్న సంగతి రిజిస్టర్లలో రాసుకున్నారు. ఆ రిజిస్టర్ల ఆధారంగా తయారైన జాబితాలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి.

మా వైపు వాళ్లకు పని కొంత సులభం, ఎందుకంటే తాతల నాటి పుట్టుక, పెళ్లి పత్రాల మీద ఆ సంఖ్య ఉంటుంది. సంఖ్య దొరికితే ఊరు దొరికినట్లే. మీరు రెండో చివర నుంచి వస్తున్నారు కనుక పేరుతోనే వెతకాలి, కానీ ఇంటిపేరు మీద ఆశ పెట్టుకోకండి. గుమాస్తాలు ఇంటిపేర్లు రాయలేదు. ఇక్కడ మా ఇంటిపేర్లుగా చలామణి అయ్యే నాయుడు, రెడ్డి వంటివి చాలావరకు కులబిరుదుల నుంచి వచ్చినవి, మరికొన్ని ముత్తాతల సొంత పేర్లు. అసలు ఇంటిపేరు, గోత్రం పెళ్లి సంకల్పంలో చెప్పుకొనే కుటుంబాలలోనే మిగిలాయి.

అప్పలస్వామి అన్న పేరు ఇంగ్లీషు అక్షరాలలో ఎన్ని విధాల మారగలదో ముందే ఒక కాగితం మీద రాసుకోండి: అప్పల్‌సామి, అపలసామి, ఆప్లసామి. ఆ పేరు మీ ప్రాంతంలో వీధికొకరికి ఉంటుంది కాబట్టి తండ్రి పేరు, వయసు కలిపి చూడకపోతే లాభం లేదు. ఇంకొక మాట. ఒకే ఊరి వాళ్లు కూడబలుక్కుని వెళ్లడం ఎక్కువ, వాళ్ల సంఖ్యలు కూడా వరుసగా పడతాయి. అందువల్ల మీ ఊరివాడు మరొకడు కనబడినా ఆగి, ఆ ముందూ వెనుకా ఉన్న పేర్లన్నీ చదవండి.

పాత_పటాలు
ఊరి పేరు కన్నా ముందు జిల్లా పేరు దగ్గరే చాలామంది దారి తప్పుతారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. జాబితాలో మీ విజయనగరం జిల్లా కనబడదు, అది 1979లో ఏర్పడింది. అప్పట్లో అదంతా వైజాగపటం (విశాఖపట్నం) జిల్లా. శ్రీకాకుళాన్ని చికాకోల్ అనేవారు. అది 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రం అయ్యేదాకా గంజాం జిల్లాలో ఉండి, ఆ తర్వాత వైజాగపటంలో కలిసి, 1950లో వేరే జిల్లా అయింది. కనుక గంజాం అని కనబడగానే మనవాడు కాదని పక్కన పెట్టకూడదు. అలాగే ఈ వలసల కాలంలో 1904కు ముందు గుంటూరు జిల్లా లేదు, చిత్తూరు జిల్లా 1911కు ముందు లేదు. చిత్తూరు ప్రాంతం వారు ఎక్కువగా ఉత్తర ఆర్కాడు కింద కనబడతారు. 1925లో కృష్ణా జిల్లా నుంచి పశ్చిమ గోదావరి విడిపోయింది, పాత గోదావరి జిల్లా తూర్పు గోదావరి అయింది. 2022లో జరిగిన పునర్వ్యవస్థీకరణ సరేసరి, నేటి జిల్లా పేరుతో వెతకడం మొదలుపెడితే ఏమీ చేతికి రాదు.

తాలూకా తేలిన తర్వాత, 1907 నాటి వైజాగపటం జిల్లా గెజెటీరును (జిల్లా వివరాల ప్రభుత్వ గ్రంథం) ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ, ఇంపీరియల్ గెజెటీరును షికాగో విశ్వవిద్యాలయం వారి దక్షిణాసియా డిజిటల్ లైబ్రరీలోనూ చూసి నాటి వర్ణక్రమం పట్టుకోవచ్చు. చిన్న పల్లెలు గెజెటీర్లలో ఉండవు. అందుకు టెక్సస్ విశ్వవిద్యాలయం లైబ్రరీ ఉచితంగా ఉంచిన 1950ల నాటి అమెరికా సైనిక పటాలను, కేంద్ర ప్రభుత్వ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలోని గ్రామాల జాబితాను పక్కపక్కన పెట్టుకుని, రాసిన పేరును పైకి చదువుతూ పోల్చాలి. కంటికి అర్థం కాని పేరు చెవికి అర్థమవుతుంది, ఎందుకంటే మద్రాసు గుమాస్తా విన్నదే రాశాడు, విన్నది తమిళ చెవితో కూడా అయి ఉండవచ్చు.

భూమి రికార్డులను మాత్రం అంతగా నమ్ముకోవద్దు. ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైట్ మీభూమిలో దొరికేది నేటి హక్కుల సంగతి. పైగా విజయనగరం, బొబ్బిలి వంటి జమీందారీ గ్రామాలలో 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే చాలావరకు రైత్వారీ పట్టాలు (రైతు పేరిట ప్రభుత్వం నేరుగా ఇచ్చేవి) వచ్చాయి కనుక, 1890లో మీవాళ్లు సాగు చేసిన భూమి ప్రభుత్వ రిజిస్టర్లలో కనబడకపోవడం వింతేమీ కాదు.

రంగూన్_ఇల్లు
అడ్డువస్తున్నందుకు క్షమించండి, కానీ అసలాయన వెళ్లింది నాటాలేనా? మా వైపు ఓడ ఎక్కాడంటే పదింట ఎనిమిదిసార్లు రంగూన్ అనే అర్థం. 1937 వరకు బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే కావడంతో, నాటాల్‌కు రాసినట్టు అక్కడికి వెళ్లిన మనిషికొక సంఖ్య, ఒక పుట ఎవరూ రాయలేదు. మా తాతగారి కోసం వెతికి మేము చివరకు పాత ఉత్తరాలు, మనియార్డరు రసీదుల దగ్గరే ఆగిపోయాము.

మోకా_విద్యార్థి (మారిషస్)
మారిషస్ అయి ఉంటే మాత్రం అదృష్టమే. మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో వలస రిజిస్టర్లు భద్రంగా ఉన్నాయి, 1860ల తర్వాత వచ్చినవారిలో చాలామందికి ఫొటోలు కూడా ఉన్నాయి. అయితే అవన్నీ ఇంటర్నెట్‌లో తెరిచి చూసేవి కావు. వంశస్థులు వివరాలతో అడగాలి.

ముత్తాత_జాడ (విజయనగరం)
నాటాలేనని మా పెద్దమ్మ ఖాయంగా చెబుతున్నారు, చెరకు మాట, డర్బన్ మాట రెండూ ఆమె తన నాయనమ్మ నోట విన్నారట. మీరు చెప్పిన పద్ధతిలో వెతికితే తండ్రి పేరు, తాలూకా కలిసినవారు ఇద్దరు కనబడ్డారు. ఒకరికి వయసు 22, ఇంకొకరికి 30. కులం ఒకరి దగ్గర మాదే, మరొకరి దగ్గర వేరే. రెండోవారిని తీసివేయవచ్చా?

డర్బన్_మనవరాలు
తొందరపడకండి. కులం గడిలో పనికి తీసుకుంటారనుకున్న కులం చెప్పినవారున్నారు, గుమాస్తాకు తోచింది రాసినదీ ఉంది. వయసు కూడా చూపుకి వేసిన అంచనాయే. ఇద్దరి సంఖ్యలూ రాసుకుని, దక్షిణాఫ్రికా జాతీయ ఆర్కైవ్స్ వారి నైర్స్ అనే సూచికలో పేరుతో, సంఖ్యతో వెతకండి. నాటాల్‌లోని పీటర్‌మారిట్జ్‌బర్గ్ ఆర్కైవ్స్‌లో చనిపోయినవారి ఆస్తి దస్త్రాలున్నాయి; వాటిలోని మరణ ప్రకటనలో తల్లిదండ్రుల పేర్లు, భార్య పేరు, పిల్లల పేర్లు రాయాలి. మీ ఇంట్లో గుర్తున్న తల్లి పేరు అక్కడ కనబడితే ఇద్దరిలో ఎవరో తేలిపోతుంది. సూచికలో కనబడేది శీర్షిక, దస్త్రం సంఖ్య మాత్రమే. ప్రతి కోసం ఆర్కైవ్స్‌కు ఉత్తరం రాయాలి, లేదా ఇక్కడున్న వారెవరైనా వెళ్లి చూడాలి.

పాత_పటాలు
ఈలోగా ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైట్‌లో వంశవృక్షం వేయాలని అనిపిస్తుంది, అది ఉచితం కూడా. కానీ అది అందరూ కలిసి దిద్దే వృక్షం అని గుర్తుంచుకోండి: మీరు ఊహగా పెట్టిన అప్పలస్వామిని రేపు ఎవరో తమ తాతకు తండ్రిగా కలిపేస్తారు, ఆ తర్వాత విడదీయడం పెద్ద తలనొప్పి. ఆ ఇద్దరిలో ఎవరో తేలేవరకు మీ సొంత కంప్యూటర్‌లోనే ఉంచండి. డీఎన్ఏ పరీక్ష గురించి ఇక్కడ తరచు అడుగుతుంటారు. అది దూరపు చుట్టాన్ని చూపగలదు గానీ ఊరిని చెప్పదు, అటువైపు వంశస్థులు కూడా పరీక్ష చేయించుకుని ఉంటేనే ఆ చుట్టమైనా కనబడతాడు.

డర్బన్_మనవరాలు
విజయనగరం వారికి: ఆ రెండు సంఖ్యలు, తల్లి పేరు, గోత్రం, ఇలవేల్పు పేరు నాకు విడిగా సందేశం పంపండి. సంఖ్యలను ఇక్కడి సూచికతో సరిచూస్తాను. ఇక్కడి తెలుగు కుటుంబాలలో గోత్రం, ఇలవేల్పు గుర్తున్న పెద్దవారు ఇంకా కొందరున్నారు, వారినీ అడుగుతాను.